వీణ మోగితే ఎవరు పోయినట్టు?

2023 ఎండాకాలం. కోయిలకుంట్లకు ఎడంగా ఉన్న ఒక మండల కేంద్రంలో మా కమ్యూనిటీ రేడియో ఉంది. ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతుంది. పాత గోదామును రెండు గదులుగా చేసి, గోడలకు కొబ్బరిపీచు పరుపులు కొట్టి, వాటి మీద చేనేత గుడ్డ కప్పి స్టూడియో అని పేరు పెట్టుకున్నాం. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ప్రసారం. చుట్టుపక్కల పల్లెల దాకా వినబడుతుంది, గాలి వాటం బాగుంటే ఇంకో రెండు పల్లెలు ఎక్కువ. నేను అక్కడ ప్రోగ్రాం ప్రొడ్యూసర్‌ని. పేరు పెద్దదే గానీ, మైకులు తుడవడం దగ్గర్నుంచి ఫోన్లో తిట్లు తినడం దాకా అన్నీ ఆ పనిలోకే వస్తాయి.

రేడియో చేతిలో ఉంటే ఏమైనా చెప్పొచ్చని చాలామంది అనుకుంటారు. మా లైసెన్సులో సొంతంగా వార్తలు చదవకూడదని ఉంటుంది. రాజకీయం మాట్లాడకూడదు, పార్టీ పేరెత్తకూడదు. పంటల గురించి, కరెంటు కోతల గురించి, తాగునీళ్ల గురించి సమాచారం ఇవ్వవచ్చు. మరి నీళ్ల సంగతి ఎక్కడిదాకా సమాచారం, ఎక్కడ రాజకీయమవుతుంది? అది తేల్చేది మా సంస్థ సెక్రటరీ సార్. సహకార శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. చప్పిడి కూడైనా తింటాడు గానీ కడుపులో మంట పెట్టుకోడు. నేను ఎప్పుడు వాదించినా ఆయనది ఒకటే మాట.

"మన సీమలో నీళ్లు కాకుండా వేరే రాజకీయం ఏముందమ్మా?"

నా చేతిలో అప్పుడు రెండు కార్యక్రమాలు ఉండేవి. మంగళవారం సాయంత్రం 'ఊరి మాట'. ఒక ఊరి పెద్దను స్టూడియోలో కూర్చోబెడతాం, ఊరివాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. దీన్నే మేం ఫోన్-ఇన్ అంటాం. గురువారం 'నాదం'. మా ఊళ్లోనే ఉండే రాజేశ్వరి టీచర్ వీణ. ఆమె సంగీతం టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మొదటి దానికి ఫోన్లు ఆగేవి కావు. రెండోదానికి ఒక్క ఫోనూ వచ్చేది కాదు. "వినేవాళ్లు ఫోన్ చేయరమ్మా, వింటారు" అని టీచర్ సర్దిచెప్పుకునేవారు. నేను తలూపేదాన్ని.

ఆ ఏప్రిల్‌లో ఎర్రదిన్నె అనే పల్లె నుంచి లక్షుమ్మక్క స్టేషనుకు వచ్చింది. మగ్గం నేసే మనిషి. వచ్చీ రాగానే చాప మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"అమ్మా, పొద్దున్నే బజారులో పడుగు సాపుతాము. గంజి పెట్టల్లంటే నీళ్లు లేవు. ఎండకు దారాలు పుటపుటా తెగిపోతాండాయి. తాగేదానికంటే యాడన్నా ఒగ బిందె తెచ్చుకుంటాము. గంజికి యాడ తెచ్చేది?"

పడుగంటే చీర పొడవునా ఉండే దారాలు. నేతగాళ్లు తెల్లారగానే వాటిని వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. గంజి పడని దారం మగ్గం మీద నిలవదు. ఇంటిల్లిపాదీ ఆ పొద్దుటి గంటలో పడ్డ పాటు మీద ఆ వారం తిండి ఆధారపడి ఉంటుంది. ఎర్రదిన్నెలో ట్యాంకు ఉంది, పైపులు ఉన్నాయి. నీళ్లు ముందు మెట్ట బజారుకు పోతాయి. అక్కడి వాల్వు తిప్పితేనే మగ్గాల బజారుకు వస్తాయి. తిప్పమంటే వాటర్‌మ్యాన్ "ప్రెసిడెంటన్న చెప్పలేదు" అంటున్నాడట.

ఈ ప్రెసిడెంటన్న గురించి ఒక మాట చెప్పాలి. ఎర్రదిన్నె సర్పంచి సుబ్బరత్నమ్మ. ఊరు ప్రెసిడెంటని పిలిచేది మాత్రం ఆమె భర్త ఓబులేసును. సంతకం ఆమెది, సంగతంతా ఆయనది. మా వైపు ఇది వింతేమీ కాదు, ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు కూడా.

'ఊరి మాట'కు పిలిస్తే ఓబులేసు వెంటనే ఒప్పుకున్నాడు. "వస్తాలేమ్మా, నాకేమి బయమా" అన్నాడు. నేను ఆలస్యం చేయకుండా ప్రోమో తయారుచేశాను. ప్రోమో అంటే రాబోయే కార్యక్రమం గురించి ముందుగా వేసే చిన్న ప్రకటన. అందులో లక్షుమ్మక్క గొంతే పెట్టాను.

"మంగళవారం సాయంత్రం ఆరుగంటలకు మా ప్రెసిడెంటన్న రేడియోలో కూసుంటాడు. మా బజారుకు నీళ్లు ఎందుకు రావో అడుగుతాము. అందురూ వినండి."

శనివారం నుంచి ఆ ప్రోమో పాటకొకసారి మోగింది. అదే తంటా తెచ్చింది. మేం తాగునీళ్ల మీద మాట్లాడతామని చెబితే ఊరు అరగంట వినేదేమో. ఓబులేసును ఊరందరి ముందు నిలదీస్తున్నట్టు వినబడింది కాబట్టి ఊరు మొత్తం ఆ ఘడియ కోసం కాచుకుంది.

మంగళవారం మధ్యాహ్నం సెక్రటరీ సార్ ఫోన్ చేశారు.

"ఓబులేసుకు గుండెలో బరువుగా ఉందంట. నంద్యాల ఆస్పత్రికి పోతున్నాడంట. ప్రోగ్రాం ఆపేయమ్మా."

"లక్షుమ్మక్క వాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చుని ఉంటారు సార్. వాళ్లతో మాట్లాడిస్తాను."

"ఆయన లేకుండా ఆయన ఊరి నీళ్ల గురించి మాట్లాడితే అది రాజకీయం అవుతుంది. వద్దు."

"మరి ప్రోగ్రాం లేదని ఏం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పొద్దు."

"అనివార్య కారణాల వల్ల అందామా?"

"ఏం కారణాలని రేపు నన్ను అడుగుతారు. మ్యూజిక్ వేసేయ్. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకు?"

నాకు ఒళ్లు మండింది. ఆ గుండె బరువు ఎక్కడ పుట్టిందో నాకు తెలియదా? ప్రోమోలో పుట్టింది. కానీ రోగం అన్నవాడిని కాదనడం ఎలా? ఫిల్లర్లు ఉండే ఫోల్డరు తెరిచాను. కార్యక్రమం ఆగిపోతే ఆ సందులో వేసే సంగీతాన్ని ఫిల్లర్ అంటారు. సినిమా పాటలు వేయడానికి మాకు హక్కులు లేవు. జానపదాలు మూడు నాలుగు నిమిషాలకు మించవు. అరగంటకు సరిపడేది రాజేశ్వరి టీచర్ మోహన రాగం ఒక్కటే ఉంది. ఆరు కాగానే స్టేషను పేరు మోగింది, ఆ వెంటనే వీణ. మధ్యలో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మోహన అంటే పొద్దుపొడుపు లాంటి ఉల్లాసమైన రాగం. అంత కోపంలోనూ నాకు హాయిగానే అనిపించింది.

కాసేపటికి మొదటి ఫోన్ వచ్చింది. ఎవరో ముసలాయన.

"అమ్మా, ఎప్పుడు పోయినాడమ్మా?"

"ఎవరు పెద్దాయనా?"

"మా ప్రెసిడెంటు ఓబులేసు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. వెనకటికి ఎవరైనా పెద్ద నాయకుడు పోతే సర్కారు రేడియోలో పాటలు ఆగిపోయేవి. పొద్దస్తమానం వీణో, షెహనాయో మోగేది. వార్త చదవక ముందే జనానికి అర్థమయ్యేది. నా చిన్నప్పుడు రాజంపేటలో మా నాయన కూడా అంతే. వేళగాని వేళలో రేడియోలో వీణ వినబడితే చేతిలో ముద్ద కంచంలో పెట్టి "ఎవురో పెద్దాయన పాయ" అనేవాడు. టీవీలు, సెల్‌ఫోన్లు వచ్చి ఆ అలవాటు పోయిందనుకున్నాను. ఎర్రదిన్నెలో పోలేదు.

వాళ్లు కట్టిన లెక్క కూడా తప్పు పట్టేటట్టు లేదు. ఆరుగంటలకు రావలసిన మనిషి రాలేదు. గుండెలో బరువని నలుగురికీ చెప్పి బయల్దేరాడు. ఫోన్ స్విచాఫ్. రేడియోలో మాట లేదు, వీణ. ఇంకేం కావాలి?

ఫోన్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఆయన బాగున్నాడని చెబుదామంటే నాకూ తెలియదు. సెక్రటరీ సార్‌కు చేస్తే ఆయన గొంతు కూడా తగ్గిపోయింది.

"నిజంగానే ఏమన్నా అయిందేమోనమ్మా" అన్నారు.

వీణ అయిపోగానే మైకు తీసుకుని చెప్పాను: ఇంతసేపూ మీరు విన్నది రాజేశ్వరి టీచర్ వాయించిన మోహన రాగం, ఇది మామూలు సంగీత కార్యక్రమం. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, దాంతో అనుమానం గట్టిపడింది. "వాళ్లకు వార్తలు చెప్పే పర్మిషన్ లేదంట. అందుకే అట్ల మాట మారుస్తాండారు" అని ఎర్రదిన్నెలో అనుకున్నారట. మా లైసెన్సు షరతులు ఊరికి మాకంటే బాగా తెలుసు.

తోటి అనౌన్సరుకు పని అప్పగించి స్కూటీ మీద ఎర్రదిన్నెకు పోయాను. ఓబులేసు ఇంటి ముందు జనం నిండిపోయి ఉన్నారు. అరుగు మీద సుబ్బరత్నమ్మ కూర్చుని ఉంది. ఒలుస్తున్న వేరుశనక్కాయలు చేటతో సహా కింద పడి ఉన్నాయి. ఆమె ఏడవడం లేదు, "ఫోన్ చేయండి, ఇంగోతూరి చేయండి" అని అదే మాట అంటోంది. ఆమెను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నది లక్షుమ్మక్క. ఏడుస్తున్నదీ ఆమే. నేను ఆశ్చర్యంగా చూడడం గమనించినట్టుంది.

"ఏమ్మా, నీళ్లకు కొట్లాడితే సావుకు రాకూడదా?" అంది.

నాకూ కళ్లు తడి అయ్యాయి. సుబ్బరత్నమ్మ మొహం చూస్తుంటే ఆ వీణను ఎందుకు వేశానా అనిపించింది.

అంతలో వీధి మొగదలలో మోటరుబైకు ఆగింది. ఓబులేసు. తోటకాడ మోటరు షెడ్డులో స్నేహితులతో పేకాట ఆడుకుంటూ, ఎవరూ పిలవకుండా ఫోన్ ఆపుకుని కూర్చున్నాడట. ఇంటి ముందు జనాన్ని చూసి ఆయన మొహం పాలిపోయింది. బైకు పడేసి పరుగెత్తుకొచ్చి, అరుగు మీదున్న లక్షుమ్మక్కను పట్టుకుని అడిగాడు.

"ఏమక్కా, ఏమైంది? ఎవురు పోయినారు?"

లక్షుమ్మక్క ఆయన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వే అప్పా."

ముందు ఎవరో ముసిముసిగా నవ్వారు, తర్వాత ఊరంతా నవ్వింది. సుబ్బరత్నమ్మ నవ్వలేదు. అరుగు దిగి వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"నంద్యాలకు పోతాండానంటివే?"

ఆమె ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి తలుపేసుకుంది. అప్పుడు లక్షుమ్మక్క కళ్లు తుడుచుకుని కొంగు దోపుకుంది.

"సరే, బతికే ఉండావు కదా. ఇంగ చెప్పు. నీళ్లు ఎప్పుడు ఇడుస్తావు?"

ఓబులేసు తన ఇంటి తలుపు తానే తట్టుకుంటూ నిలబడ్డాడు.

మరునాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ స్టేషనుకు వచ్చారు. ఆయన వస్తూనే గయ్యిమన్నాడు.

"నేను సచ్చినానని రేడియోలో చెప్తారా?"

"మేమేమీ చెప్పలేదన్నా" అన్నాను.

"వీణ ఏసినారు గదా! ప్రొద్దుటూరు నుంచి మా బామ్మర్ది పూలదండ ఎత్తుకోని వచ్చినాడు. దండ ఎవురికి ఎయ్యల్లో తెలీక చేతిలో పట్టుకోని నిలబడినాడు. నాకు మానం పోయింది. నేను బతికే ఉండానని మీ రేడియోలో ఒగ మాట చెప్పండి."

సెక్రటరీ సార్ ఆలోచించారు. ఆయన ఎగతాళి చేసే మనిషి కాదు, నిజంగానే ఆలోచించారు.

"ఒక మనిషి పోయినాడన్నా, ఉన్నాడన్నా అది వార్తే అవుతుందప్పా. వార్తలకు మాకు అనుమతి లేదు."

ఎన్నాళ్లుగానో నన్ను కట్టేసిన ఆ షరతుకు మొదటిసారి దండం పెట్టాలనిపించింది.

"చర్చకైతే అనుమతి ఉందన్నా" అన్నాను. "నిన్న ఆగిపోయిన నీళ్ల ప్రోగ్రాం ఈ సాయంత్రం పెడతాను. మీ గొంతు వింటే బతికి ఉన్నట్టే కదా!"

సెక్రటరీ సార్ నావైపు చూశారు, కానీ ఆయనే చెప్పిన రూలు కాబట్టి కాదనలేకపోయారు. ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. మాట్లాడితే నీళ్ల గురించి మాట్లాడాలి, మాట్లాడకపోతే చచ్చినట్టే. అంతసేపూ బెంచీ మీద కూర్చుని ఉన్న సుబ్బరత్నమ్మ అప్పుడు నోరు విప్పింది.

"నేను మాట్లాడతా."

"నీకేం తెలుసు?" అన్నాడు ఆయన.

"తెలీదు. ఓట్లు నా పేరుకు ఏసినారు కదా. తెలుసుకుంటా."

సాయంత్రం ఆరుగంటలకు ఇద్దరినీ స్టూడియోలో కూర్చోబెట్టాను. ఎదురెదురుగా రెండు మైకులు. ఓబులేసు తాను మాట్లాడనని, ఊరికే కూర్చుంటానని ముందే చెప్పాడు. అందుకని ఆయన మైకు ఫేడర్ కిందికి దించి పెట్టాను. ఫేడర్ అంటే మైకు శబ్దాన్ని పెంచే, తగ్గించే జారుడు మీట.

మొదటి ఫోన్ ఊహించినదే.

"అక్కా, అన్న బాగుండాడా?"

"బాగుండాడు. ఈడే ఉండాడు. టీ తాగుతాండాడు" అంది సుబ్బరత్నమ్మ.

రెండో ఫోన్ లక్షుమ్మక్కది. స్టేషనులో నాకు చెప్పిన మాటలే చెప్పింది. పడుగు, గంజి, తెగిపోతున్న దారాలు. చివర ఒక మాట కలిపింది: "నిన్న నీ దగ్గర కూసున్నప్పుడు మనసుకు శానా కష్టమాయ అక్కా. అయినా ఈ పొద్దు అడగకుండా ఉండలేను. మా బజారుకు నీళ్లు ఎందుకు రావు?"

సుబ్బరత్నమ్మ మైకుకు దగ్గరగా జరిగింది.

"నాకు తెలీదు లక్షుమ్మక్కా. నాకు ఎవురూ చెప్పలేదు. నేనూ ఎవురినీ అడగలేదు. ఇప్పుడు అడుగుతా" అని ఎదురుగా ఉన్న భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆ వాల్వు తిప్పొద్దని వాటర్‌మ్యాన్‌కు ఎవురు చెప్పినారు?"

నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన ఫేడర్ మాత్రం పైకి తోశాను.

ఓబులేసు మైకు మీద వెలిగిన ఎర్రలైటును చూశాడు. అద్దం వెనక ఉన్న నన్ను చూశాడు. భార్యను చూశాడు. గుండెలో బరువు అప్పుడు నిజంగానే వచ్చి ఉంటుంది.

"నేనే చెప్పినా" అన్నాడు. "మెట్ట బజారులో మావోళ్లు గోల జేస్తారని. సరేలే, ఇంగ దినం మార్చి దినం ఇడిపిస్తా."

"పడుగు దినామూ సాపుతారు" అంది ఆమె. "పొద్దున్నే రొంతసేపు ఇడిస్తే ఏమి? మెట్ట బజారు వాళ్లతో నేను మాట్లాడతా."

"సరే. దినామూ."

ఈ మాటలు విన్న ఊరు ఆ రాత్రి తెల్లారే దాకా ఆగి, వాల్వు దగ్గరికి పోయి నిలబడిందట. వాటర్‌మ్యాన్ ఎవరూ చెప్పకుండానే తిప్పాడు. మగ్గాల బజారులో పొద్దెక్కక ముందే పడుగులకు గంజి పడింది.

ఆ రోజు గురువారం. రాజేశ్వరి టీచర్ రికార్డింగుకు వచ్చారు. కోపంగా ఉన్నారు, ఆమె కోపంలో న్యాయం ఉంది.

"మోహన విని ఏడ్చారటమ్మా? ఏడుపు రాగం ముఖారి వాయించినా అర్థం ఉంది. మోహన వినీ చావేనా?"

"వాళ్లు రాగం వినలేదు టీచర్. వీణ విన్నారు."

ఆమె కాసేపు వీణ శ్రుతి చేసుకున్నారు. తర్వాత షరతు పెట్టారు. ఇకమీదట తాను వాయించే ముందు అది ఏ రాగమో, ఎలా ఉంటుందో ఊరి మాటల్లో తానే చెబుతానన్నారు. అలా చెప్పడం మొదలుపెట్టాక 'నాదం'కు ఫోన్లు రావడం మొదలైంది. మొదట్లో "ఈతూరి ఎవురమ్మా?" అని అడగడానికే చేసేవాళ్లు. తర్వాత్తర్వాత "ఆ పొద్దు ఏసిన రాగం ఇంగోతూరి ఎయ్యండి" అని అడిగారు.

మరుసటి ఎండాకాలం సుబ్బరత్నమ్మ కూతురి కాన్పుకని ఊరు దాటిందో లేదో, మగ్గాల బజారుకు మళ్లీ నీళ్లు ఆగాయి. లక్షుమ్మక్క ఈసారి మా దగ్గరికి రాలేదు. తన బజారు ఆడవాళ్లను వెంటేసుకుని ఓబులేసు ఇంటి ముందుకు పోయి నిలబడింది.

"నీళ్లు ఇడిపిస్తావా అప్పా, వీణ ఏపియ్యమంటావా?" అని మాత్రం అడిగిందట. ఆ పూటే నీళ్లు వచ్చాయి. ఈ సంగతి చెబితే రాజేశ్వరి టీచర్ నవ్వి, మోహనకు ఇంత బలం ఉందని మా గురువుగారు కూడా చెప్పలేదే అన్నారు.

ఈ ఉద్యోగంలో నాకు శిక్షణలు చాలా ఇచ్చారు. ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో నేర్పారు. ఏమీ మాట్లాడకపోతే ఏం వినబడుతుందో మాత్రం ఎర్రదిన్నె నేర్పింది. మనం వదిలేసిన చోట వినేవాళ్లు తమకు తెలిసింది పెట్టుకుంటారు, దాన్ని తర్వాత ఎంత కాదన్నా నమ్మరు. అందుకే ఇప్పుడు ఎవరైనా వస్తామని రాకపోతే, "ఫలానా ఊరి ప్రెసిడెంటు గారు వస్తామన్నారు, రాలేదు, క్షేమంగానే ఉన్నారు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ తర్వాతే వీణ వేస్తానని పిలిచేటప్పుడే చెబుతాను. అది రాజకీయం కాదా అని సెక్రటరీ సార్‌ను అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, సమాచారమే అన్నారు. అప్పటినుంచి 'ఊరి మాట'కు వస్తామన్నవాళ్లు ఎవరూ రాకుండా ఉండలేదు.